అర్దాస్‌లో ఖాళీ చోటు

“ఏటి మొక్కేవమ్మా?” అని అడిగింది పక్క కుర్చీలో దేముడమ్మ, మరమరాల పొట్లం ముందుకు చాపుతూ. గరివిడి మనిషి. ఆమె పెనిమిటినీ పొద్దున్నే ఇదే తలుపులోంచి లోపలికి తోసుకుపోయారు. తోసుకుపోయిన మరుక్షణమే ఆమె పైడితల్లమ్మకి పట్టుచీరా, పసుపూ కుంకుమా మొక్కేసుకుని, తన వంతు పని అయిపోయిందన్న నిమ్మళంతో మరమరాలు నములుతోంది. ఆ నిమ్మళం చూస్తే ఈశ్వరికి కడుపు మండింది, అంతలోనే ముచ్చటా వేసింది. ఏమీ మొక్కలేదంటే ఇదెక్కడి ఆడదిరా దేముడా అనుకుంటుంది. మొక్కేనంటే అబద్ధం. మా ఇంట్లో మొక్కకూడదు అంటే అదో పెద్ద కథ, విజయనగరం ఆసుపత్రి వరండాలో కూర్చుని, థియేటర్ తలుపు మీద ఎర్రలైటు చూస్తూ చెప్పే కథా అది? “ఇంకా లేదమ్మా,” అని ఊరుకుని, గుప్పిట్లో ఉన్న ఇనప కడియాన్ని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

కడియం మొగుడిది. సాలూరులో లారీల కింది కమాను పట్టీలు బాగుచేసే షెడ్డు సింగు అంటే ఘాటీ ఎక్కే డ్రైవర్లందరికీ తెలుసు, గుర్ముఖ్ సింగ్ అనే నిండు పేరు మాత్రం వాళ్ళ వీధిలో సగం మందికి తెలీదు. తండ్రి పంజాబు నుంచి లారీ తోలుకుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు గానీ ఈయన సాలూరులోనే పుట్టాడు, సాలూరు బళ్ళోనే చదివాడు, నోరు విప్పితే ఏటి, ఎందుకు అనే సాలూరు యాసే వస్తుంది. గుండెలో మూడు నాళాలు పూడుకుపోయాయి, ఇంక ఛాతీ తెరవాల్సిందే అన్నాడు డాక్టరు. తలుపు తెరవడం విన్నాం, పెట్టె తెరవడం విన్నాం, మనిషిని తెరవడం ఏమిటి అని ఈశ్వరి అప్పటినుంచీ ఆ మాట దగ్గరే ఆగిపోయి ఉంది. నర్సు కడియం తీయమంటే అది రాలేదు, కుర్రతనంలో వేసుకున్నది, తరవాత చెయ్యి లావెక్కింది, సబ్బు రాసి గిరగిరా తిప్పితే చివరికి వచ్చింది. వచ్చిన చోట చర్మం తెల్లగా, ఎండెరగని తెలుపు, అది చూసి ఈశ్వరికి సిగ్గేసింది, ఇంత వయసొచ్చాక, నర్సు ఎదురుగా, ఎవరికన్నా చెప్పుకుంటే నవ్వుతారు. జుట్టుముడి మీద ఆకుపచ్చ టోపీ పెట్టారు, తలపాగా లేని ఆ తల దిండు మీద ఎంతో చిన్నదిగా కనిపించింది. అప్పుడు పట్టుకున్నాడు ఆమె చెయ్యి. “ఈశ్వరీ, అర్దాస్ నువ్వే సెయ్యాల. పంజాబీలోనే సెయ్యి. మాయమ్మ దగ్గరుండి సెప్తన్నట్టుంటాది,” అన్నాడు. అలాగే మావా అనేసింది. మేనమామ కాదు, మేనబావ కాదు, ఎక్కడి పంజాబు ఎక్కడి బొబ్బిలి, అయినా పెళ్ళినాటినుంచీ మావా అనే పిలుస్తుంది. భయపడ్డ మనిషికి అలాగే అనక ఇంకేమంటాం? చక్రాల మంచం కదిలిపోయాకే ఏం ఒప్పుకుందో తెలిసొచ్చింది.

అర్దాస్ అంటే విన్నపం. దానికి పూజారి అక్కర్లేదు, కొబ్బరికాయ అక్కర్లేదు, చెప్పులు విడిచి, తల మీద గుడ్డ కప్పుకుని, చేతులు జోడించి నిలబడితే చాలు, ఆడైనా మగైనా ఎవరైనా చెప్పుకోవచ్చు. మొదలు అందరికీ ఒకటే, గురువుల పేర్లు తలుచుకోవాలి, ధర్మం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళని తలుచుకోవాలి, మధ్యమధ్య ఆగితే వింటున్నవాళ్ళు వాహెగురు అంటారు. చివరా అందరికీ ఒకటే, లోకంలో అందరికీ మేలు జరగాలి అని. ఆ రెంటి నడుమా ఒక ఖాళీ చోటుంటుంది. అక్కడ ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి, అక్కడికి గురువులు కూడా మాట అందివ్వరు. అత్తగారు స్వరణ్ కౌర్, ఇంట్లో అందరికీ బీజీ, బతికున్నన్నాళ్ళూ తెల్లారకట్ల ఆ ఖాళీలో ఇంటి సంగతులన్నీ పోసేది, లారీ కొండెక్కుతోంది చూస్తుండు, షెడ్డు రేకులు కారుతున్నాయి, కోడలికి నెల తప్పింది. బీజీ పోయాక ఆయన నిలబడ్డాడు, ఆయనది ఎప్పుడూ ఒక్కటే మాట, నీ ఇష్టం ఎలా ఉంటే అలా. ఈశ్వరి ఇన్నేళ్ళూ వెనక నిలబడి వాహెగురు అంది. మొదలు వచ్చు, చివర వచ్చు, నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది. ఆ నడుమ చోటు దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుక మడతపడిపోతుంది.

కూతురు జస్సీ శ్రీకాకుళం కాలేజీలో పాఠాలు చెబుతుంది, తెల్లవారకుండానే మొదటి బస్సుకి వచ్చి, ఎదురుగా స్తంభానికి ఆనుకుని నిలబడి ఫోన్ చూస్తోంది. తల్లి గొడవ తెలుసుకుని అర్దాస్ మొత్తం తెలుగు అక్షరాల్లో దొరికించింది. “ఇదిగోనమ్మా, అంతా ఉన్నాది, సూసి సదివీ,” అని ఫోన్ చేతిలో పెట్టింది. ఈశ్వరి వేలితో జరుపుకుంటూ పోతే నడుమకొచ్చేసరికి వరసగా చుక్కలు, కింద కుండలీకరణాల్లో ఇక్కడ మీ కోరిక విన్నవించుకోండి అని. చూసి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అదేం భాగ్యమని జస్సీ ఇంకో యాప్‌లో తెలుగులో కొట్టింది, నా భర్త శస్త్రచికిత్స విజయవంతం కావాలి అని, అది పంజాబీలోకి తిప్పి ఓ ఆడగొంతుతో చదివింది. రేడియోలో వార్తలు చదివే గొంతు. అందులో ఒక్క మాటా బీజీ నోట విన్నది కాదు. ఈశ్వరికి తెలిసిన పంజాబీ అంతా బీజీ నడిపిన డాబా హోటల్లో, పొయ్యి దగ్గర, పిండి కలుపుతూ పట్టుబడింది. పొయ్యి తగ్గించు, పప్పులో నీళ్ళు పొయ్యి, కూర్చో, తిను, ఇంకోటి వేసుకో, చెయ్యి కాలుతుంది జాగ్రత్త, పిల్ల పడుకుందా. గుండె గురించి, నాళాల గురించి, ప్రాణం గురించి ఆ పొయ్యి దగ్గర ఎవరూ మాట్లాడుకోలేదు. జస్సీకి ఆపాటి కూడా రాదు, నాన్నమ్మ ఒళ్ళో పెరిగి కూడా తెలుగులోనే జవాబిచ్చేది. ఈ ఫోన్ గొంతు అప్పు తెచ్చుకుని ఆయన కోసం నిలబడితే మత్తులో ఉన్న మనిషి ఇదెవర్రా అనుకోడూ?

మాటలు రాకపోవడం ఒక్కటే అయితే ఎలాగో అతుకేసుకునేది. అసలు భయం వేరే, అది కూతురికి కూడా ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. జస్సీకి మూడేళ్ళప్పుడు జ్వరం మెదడుకెక్కింది. ఆయన అప్పుడు లారీ మీద రాయ్‌పూర్ దారిలో ఉన్నాడు, బీజీ విశాఖ గురుద్వారాకి వెళ్ళింది, బయట వాన, ఒళ్ళో పిల్ల కాలిపోతోంది. ఈశ్వరి పిల్లని మంచం మీద పడుకోబెట్టి, తల మీద కొంగు కప్పుకుని, మొదటిసారి తనే పైకి అర్దాస్ చెప్పింది. నడుమ చోటు రాగానే భయం నోటిని తోసుకొచ్చింది, భయం వేస్తే నోరు పుట్టింటి దారే పడుతుంది కదా. జ్వరం తగ్గిపోవాలి, పిల్ల తలనీలాలిస్తాను, నావీ ఇస్తాను అనేసింది. ఎవరికి? గురువుకి! ఒంటి మీద పుట్టిన ఒక్క వెంట్రుకకీ కత్తెర తగలనివ్వని ఇంట్లో, మొగుడి పొడుగాటి జుట్టు తన చేత్తో దువ్వి ముడేసే ఆడది, ఆ గురువుకే గుండు మొక్కింది. తల తిప్పేసరికి గుమ్మంలో తడిసిన బట్టలతో బీజీ, చేతిలో ప్రసాదం పొట్లం. అంతా వింది.

తెల్లారేసరికి పిల్ల పాలడిగింది. అక్కడే పడింది చిక్కు. బొబ్బిలి నుంచి వచ్చిన ఈశ్వరి తల్లి సుభద్రమ్మ సంగతి విని గుండెలు బాదుకుంది, ఏ దేముడికైతేనేం, మొక్కింది మొక్కే, ఎగ్గొడితే ఎప్పుడో ఒకప్పుడు ఆయనే వచ్చి పట్టుకుపోతాడు, పద పిల్లనెత్తుకుని అంది. ఈ ఇంట్లో కత్తి పెట్టడానికి వీల్లేదని, రాయ్‌పూర్ నుంచి తిరిగొచ్చిన మొగుడు లేచాడు. ఇద్దరి నడుమా బీజీ కూర్చుని, వచ్చీరాని తెలుగులో, నెమ్మదిగా, “జుట్టు ఆయనిచ్చిందే కదా. ఆయనది ఆయనకిచ్చి మనం ఏటి ఇచ్చినట్టు?” అని, ఇంక ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదంది. నిజంగానే ఎవరూ ఎత్తలేదు. కోడల్ని పల్లెత్తు మాట అనలేదు బీజీ, అని ఉంటే బాగుండేది, నాలుగు తిట్లు తింటే తేలిపోయేది. అనకపోబట్టే అది లోపల ఉండిపోయింది. ఆ రోజు మొదలు ఆ ఖాళీ చోటులో ఈశ్వరి నోరు మెదపలేదు, మెదిపితే మళ్ళీ ఏం బేరం పెట్టేస్తుందో అని తనంటే తనకే భయం.

నిన్న సాయంత్రం మంగలి వచ్చాడు, ఆసుపత్రి మంగలి, చేతిలో గిన్నె, కత్తి. ఛాతీ గీయాలి, కాలి నుంచి నరం తీస్తారు గనక కాలూ గీయాలి. ఆయన కాసేపు కిటికీకేసి చూసి, ప్రాణం మీదికొచ్చినప్పుడు తప్పదు, కానియ్యి అన్నాడు. అయ్యాక తన ఛాతీ తనే చూసుకుని, కలుపు తీసిన మడిలా ఉన్నాది కదేటి అని నవ్వించబోయాడు. ఈశ్వరి నవ్వలేదు. గిన్నెలో నీళ్ళ మీద తేలుతున్న నల్లవీ తెల్లవీ వెంట్రుకలు చూసింది. అమ్మ చెప్పింది నిజమే, వచ్చి పట్టుకుపోతున్నాడు అనుకుంది. తను మొక్కింది, తను ఎగ్గొట్టింది, పట్టుకుపోయేది మాత్రం ఆయన దగ్గర. ముందు వెంట్రుకలు, తరవాత? ఆ తరవాత అన్నది రాత్రంతా ఆమె పక్కనే పడుకుంది, ఇప్పుడు ఈ వరండాలో కూడా ఒళ్ళో కూర్చుని ఉంది. దేముడమ్మ తన పెనిమిటి కంపెనీలో కొలిమి దగ్గర చేస్తాడనీ, బీడీ మానమంటే మానలేదనీ చెబుతోంది. అమ్మవారి గుడి ఆటోలో వెళితే ఎంతో దూరం లేదు, మంగలి అక్కడే ఉంటాడు, కూర్చుంటే ఎంతసేపు, ఆ మొక్కు ఇప్పుడన్నా తీరిపోతే, గుండు చేయించుకుని కొంగు కప్పుకుని వచ్చేస్తే, ఆయన కళ్ళు తెరిచాక కదా చూసేది, కళ్ళు తెరవడమే కదా కావలసింది, తెరిచి తిట్టనీ, జన్మంతా మాట్లాడకపోనీ. ఈశ్వరి లేచింది. బాత్రూంకి అని కూతురికి సైగ చేసి మెట్ల వైపు నడిచింది.

నాలుగు మెట్లు దిగిందో లేదో కింద క్యాంటీన్ నుంచి రొట్టె కాలుతున్న వాసన వచ్చింది, కొంచెం మాడిన గోధుమ వాసన, బీజీ డాబా వాసన. దాని వెంట బల్బీర్ గుర్తొచ్చాడు. బీజీ పెద్దకొడుకు. సుంకి ఘాటీలో లారీ లోయలోకి పోయింది, ఈశ్వరి అప్పటికి కొత్తకోడలు. చాపలో చుట్టి తెచ్చారు మనిషిని. సాలూరు లారీలవాళ్ళంతా వచ్చి డాబా ముందు నిలబడ్డారు, బీజీ తెల్లగుడ్డ తల మీదికి లాక్కుని కొడుకు పక్కన నిలబడి అర్దాస్ చెప్పింది. గొంతు వణకలేదు. నడుమకొచ్చి ఆగింది. అందరూ తలలు వంచారు, నీ ఇష్టం అంటుంది, తల్లి అంతకంటే ఏమంటుంది అనుకున్నారు. బీజీ ఏదో ఓ చిన్న మాట అంది, ఈశ్వరికి అప్పుడు అర్థం కాలేదు, వాజ్ మార్ కే ఖవాయీ. పక్కనున్న ముసలి పంజాబీ డ్రైవరు తలపాగా కొసతో కళ్ళు తుడుచుకోవడం మాత్రం చూసింది. కొన్నేళ్ళకి, ఒక మధ్యాహ్నం, పిల్ల అలిగి తినకుండా పెరట్లో కూర్చుంటే బీజీ అదే మాట తనతో అంది, అప్పుడు తెలిసింది. కేకేసి పిలిచి అన్నం పెట్టు అని. తనంతట తను అడగడు కదా. కొడుకు చచ్చిపోతే దేవుడితో ఆ తల్లి చెప్పుకున్నది అది. ప్రాణం తిరిగిమ్మని అడగలేదు, ఎందుకు తీసుకున్నావనీ అనలేదు, నీ ఇష్టం అని దణ్ణమూ పెట్టలేదు. పక్కింటి ఆడదానికి పిల్లాణ్ణి అప్పజెప్పి ఊరెళుతున్నట్టు చెప్పింది. అంత దుఃఖంలో ఆమెకి దొరికింది కూడా పొయ్యి దగ్గరి మాటే.

ఈశ్వరి మెట్ల మధ్య గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఎవరో కుర్రనర్సు ఏమ్మా కళ్ళు తిరుగుతన్నాయా అని అడిగి పోయింది. ఇచ్చేది లేకుండా అడగడం ఎలాగో ఆమెకి ఎవరూ నేర్పలేదు. పుట్టింట్లో ఏది కావాలన్నా ముందు ఏదో ఇస్తాననాలి, కోడో కొబ్బరికాయో, వట్టి చేతులతో అడగడం అంటే సిగ్గులేనితనం. అత్తింట్లో ఇస్తాననకూడదు, ఆయన్ని చూస్తే అసలు అడగడమే లేదు. ఈ రెండిళ్ళ మధ్యా ఇన్నేళ్ళు ఆమె నోరు మూసుకుని నిలబడింది. దేవుడంటే షావుకారు అనుకుంది, మొక్కు ఎగ్గొట్టానని తలుపు తడతాడనుకుంది. జ్వరంలో కాలిపోయే పిల్లని చూసి వెర్రెత్తి ఓ తల్లి అన్న మాట పట్టుకుని ఇన్నేళ్ళ తరవాత ఆమె మొగుడి గుండెకాయ కోసం వచ్చేవాడైతే వాడు దేవుడెలా అవుతాడు, మా వీధి ఫైనాన్సువాడే నయం. ఆ కోపం రావడం ఆమెకే ఆశ్చర్యం. దేవుడి మీద ఇంత కోపంగా ఎన్నడూ లేదు, ఇంత దగ్గరగా కూడా ఎన్నడూ అనిపించలేదు. వెనక్కి తిరిగి మెట్లెక్కింది.

చెప్పులు కుర్చీ కిందికి నెట్టింది, చున్నీ ఇవ్వమని కూతుర్ని అడిగి తల మీద కప్పుకుంది. జస్సీ కూడా చేతిరుమాలు నెత్తిన పరుచుకుని పక్కన నిలబడింది. ఇదేటో పూజలాగుంది అనుకుని దేముడమ్మ కూడా మరమరాలు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి లేచి, చేతులు జోడించింది. మొదలు దానంతటదే నడిచింది, గొంతు ఆమెదే గానీ ఆగడాలూ సాగదీయడాలూ అన్నీ బీజీవి, వాహెగురు అని ఆగిన చోటల్లా జస్సీ అందుకుంది, రెండోసారి నుంచి దేముడమ్మ కూడా తన నోటికి వచ్చినట్టు అందుకుంది. వరండాలో వాళ్ళు కొందరు చూశారు, స్ట్రెచర్ తోసుకుపోతున్న వార్డుబాయ్ కాస్త పక్కకి తప్పుకుని పోయాడు. నడుమ చోటు వచ్చింది. ఈశ్వరి ఆగింది. పొయ్యి కనిపించింది, పిండి కనిపించింది, బీజీ చేతి గాజు కనిపించింది, మాట కనిపించలేదు. కూతురి భుజం తన భుజానికి తగులుతూ ఉంది, అది వణుకుతోంది, లేదూ తనే వణుకుతోందేమో. సరే, వణుకుతున్నదే చెబుదాం అనుకుంది. మైనూ డర్ లగ్దా ఐ, అంది. నాకు భయమేస్తోంది. పంజాబీలో ఆ మాట తనకి వచ్చని అంతవరకూ తెలీదు, కొత్తకోడలిగా చీకట్లో పెరట్లోకి వెళ్ళడానికి ఎన్నిసార్లు అందో మరి. ఓ తేరా ఐ, అంది. అతను నీవాడు. మొగుడే అయితే అక్కడ ఆపేసేవాడు, అక్కడ ఆపేస్తే అది ఆయన అర్దాస్ అయ్యేది. ఈశ్వరి ఆపలేదు. డాబాలో అందరికంటే ముందు నేర్చుకున్న మాట, రోజంతా డ్రైవర్లు అడిగే మాట, ఉప్పు కావాలి, నీళ్ళు కావాలి, ఇంకో రొట్టె కావాలి, ఆ మాట వచ్చింది, దానికి ముందూ వెనకా ఏమీ తగిలించకుండా అనేసింది. పర్ మైనూ వీ చాహీదా ఐ. కానీ నాకూ కావాలి.

ఇంకేదన్నా వస్తుందేమోనని కాసేపు చూసింది. ఇంకేమీ రాలేదు, చెప్పాల్సింది ఇంకేమీ లేదు కూడా. చివరి మాటలు, అందరికీ మేలు జరగాలన్న మాటలు, కిందటి రోజు వరకూ వట్టి అలవాటుగా అన్నవి, ఇప్పుడు అంటూంటే ఆ అందరిలో దేముడమ్మ పెనిమిటి కూడా ఉన్నాడని, లోపల బల్లల మీద పడుకున్న పేరు తెలీని మనుషులంతా ఉన్నారని తట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకి ఆనించింది. ఫినాయిల్ వాసన, చల్లటి నేల. లేచి కుర్చీలో కూర్చున్నాక జస్సీ కళ్ళు తుడుచుకుంటూ, “నడుమన ఏటి సెప్పేవమ్మా?” అని మెల్లగా అడిగింది. చెబుదామంటే అదే మాట తెలుగులో అంత తేలిగ్గా నోటికి రాలేదు, తరవాత చెబుతాలే అంది. దేముడమ్మ పొట్లం మళ్ళీ చాపితే ఈసారి గుప్పెడు తీసుకుంది. నోట్లో వేసుకోబోతూ ఎందుకో చూసింది, తలుపు మీద ఎర్రలైటు ఆరిపోయి ఉంది.

తలుపు సగం తెరుచుకుంది. నర్సు తల బయటికి పెట్టి, మాస్కు కిందికి లాక్కుని చీటీ చూసుకుంది. ఆ మొహంలో మంచీ లేదు చెడ్డా లేదు, పొద్దుటినుంచీ నిలబడ్డ అలసటే ఉంది. జస్సీ తల్లి మోచెయ్యి పట్టుకుంది. దేముడమ్మ నమలడం ఆపింది. 

“గుర్ముఖ్ సింగ్ తాలూకా ఎవరు?” అంది నర్సు.

ఈశ్వరి మరమరాలు ఒళ్ళోంచి దులుపుకుని లేచింది. ఏం చెప్పడానికి పిలుస్తోందో తెలీదు, కాళ్ళకి చెప్పులు కూడా వేసుకోలేదు.

“నేనేనమ్మా. నా మనిషి,” అంటూ తలుపు వైపు నడిచింది.